మేనల్లుడు తెచ్చిన దంతం

పొదుపు ఖాతా అని నమ్మించి మా ఊరివాళ్ల చేత బీమా కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్న బ్యాంకు, క్షమాపణ చెప్పడానికి తన గుమాస్తా ఇనోకెను పంపింది.

తిమింగలం దంతాన్ని రెండు చేతులా పట్టుకుని అతను తన మేనమామ, మా ఊరిపెద్ద విలిమోని ముందు మోకరిల్లాడు. దాన్ని అందుకుంటే ఆ తప్పు గురించి ఇక ఎవరూ నోరెత్తకూడదు. ఫిజీలో అది కట్టుబాటు.

"మేనేజరు రాలేదేంరా?"

"ఆయనకు మన పద్ధతులు తెలీవు, మామయ్యా."

"మేనల్లుణ్ని పంపితే మామ కాదనలేడని మాత్రం తెలిసిందా?"

మాకెవరికీ ఇష్టం లేకపోయినా విలిమోని దంతం అందుకున్నాడు.

ఇనోకె వెంటనే సంచిలోంచి కాగితం తీశాడు. "ఫిర్యాదేమీ లేదని ఇక్కడో సంతకం పెట్టు, మామయ్యా."

విలిమోని దంతాన్ని తిరిగి అతని చేతుల్లో పెట్టాడు.

"పట్టుకుపో. మా మాట మీదే నమ్మకం లేనివాడికి మా మన్నింపు దేనికి?"