రాముడు బావ బండ

రాముడు ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకునే పనిలో మునిగిపోయాడని రూఢి చేసుకున్నాక, పోతురాజు అతని బోటు ఎక్కాడు. ఎవరైనా అడిగితే స్పానర్ కోసం వచ్చానని చెప్పడానికి అబద్ధం సిద్ధంగానే ఉంది.

దొంగిలించాల్సింది వస్తువు కాదు, అంకెలు. జీపీఎస్ సెట్టు మీద కప్పిన తువ్వాలు ఎత్తాడు. బటన్లు నొక్కాడు. తెర మీదికి వచ్చిన అంకెల్ని ఫోన్లో ఫొటో తీసుకుని, తువ్వాలు మళ్ళీ కప్పేసి, ఏమీ ఎరగనట్టు దిగిపోయాడు. ఇల్లు చేరేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

మరి చేసింది మామూలు పాపమా! భోగాపురం దగ్గరి ఆ బెస్తల ఊళ్ళో కూర అడిగితే పెడతారు, వల అడిగితే ఇస్తారు, బండ ఎక్కడుందో మాత్రం చెప్పరు. బండ అంటే సముద్రం అడుగున ఉండే రాళ్ళగుట్ట. చేపల కాపురాలన్నీ అక్కడే. దాని చోటు ఎవరి సెట్టులో వాళ్ళు పేరు పెట్టి దాచుకుంటారు. వేటకి వెళ్తూ వెనకాల ఇంకో బోటు కనిపిస్తే, ఊరికే చుట్టూ తిరిగి, అది కనుమరుగయ్యాకే బండ వైపు మళ్ళుతారు. అన్నదమ్ములైనా అంతే, బావలైనా అంతే.

పోతురాజుకీ ఒక బండ ఉంది. తండ్రి చూపించి పోయినది. పోయినేడు దాకా బాగానే అన్నం పెట్టింది. ఇప్పుడు పొద్దంతా వల వేసినా, కాల్చిన డీజిలుకి ఏడవడమే మిగులుతోంది. భార్యకి అన్నగారైన రాముడు మాత్రం బోటు నిండా కోనాం చేపలు దించుతున్నాడు. అతను వేటకి వెళ్ళే వేళ కూడా మారింది. పోతురాజు ఒడ్డెక్కాక గానీ బయల్దేరడు. కొత్త బండ దొరికింది, ఎవరి కంటా పడకూడదని కాబోలు అనుకున్నారు అందరూ.

"నీ బండ ముసిలిదైపోనాది బావా, ఒగ్గెయ్" అని రాముడు నలుగురిలో నవ్వినప్పుడు పోతురాజుకి ఒళ్ళు మండిపోయింది. అంతకన్నా, తన బోటు మీద వల లాగే కలాసీలిద్దరూ ఇక రాముడి బోటు ఎక్కుతామన్నప్పుడు దిగులు పట్టుకుంది. కలాసీలు పోతే బోటు ఒడ్డు ఎక్కినట్టే. తండ్రి నడిపిన వేట తన చేతుల్లో ఆగిపోతుందన్న బాధతో అన్నం సయించలేదు. అదిగో, అప్పుడే రాముడి సెట్టు మీద కన్ను పడింది.

అయితే అంకెలు దొరికినంత సులువుగా దారి దొరకలేదు. రాముడి సెట్టు డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు విడివిడిగా చూపిస్తుంది. మొదటి వరస 17 డిగ్రీల 54 నిమిషాల 36 సెకన్లు, దాని కింద అలాంటిదే ఇంకో వరస. పోతురాజు సెట్టుకి డిగ్రీలు, చుక్క, ఆ తర్వాత ఒకటే వరస కావాలి. ఓస్ ఇంతేనా అని, 17 చుక్క 5436 కొట్టాడు. సెట్టులోని బాణం గిర్రున విశాఖపట్నం వైపు తిరిగి కూర్చుంది. రాముడి బోటు జన్మలో అటు పోలేదు.

ఇక కూతురే దిక్కు. విజయనగరంలో డిగ్రీ చదివే ధనలక్ష్మి సెలవులకి ఇంటికొచ్చి ఉంది.

"ఏటి నాన్నా ఇవి?"

"నీకెందుకే? 17 సుక్క 5436 కొడితే తప్పు దారి సూపించినాది. నా సెట్టుకి పనికొచ్చేలాగ మార్చు, సాలు."

"నిమిషాలు అరవై అయితేనే డిగ్రీ. నువ్వు వందనుకున్నావు" అంటూ ఆ పిల్ల పప్పుకి తిరగమోత పెడుతూనే లెక్క తేల్చింది. "యాభైనాలుగుని అరవైతో భాగిస్తే చుక్క తొమ్మిది. సెకన్లని మూడువేల ఆరువందలతో భాగించాల. మొత్తం 17.91. రెండోది 83.705."

పోతురాజు మురిసిపోయాడు. చదువు చెప్పించినందుకు ఇన్నాళ్ళకి ఫలితం కనిపించింది.

మర్నాడు తెల్లవారుతూనే కలాసీలిద్దర్నీ బతిమాలి బోటెక్కించాడు. ఎవరూ వెంట పడకుండా ముందు శ్రీకాకుళం వైపు పోనిచ్చి, మంచు చాటున మలుపు తిప్పి, బాణం చూపించిన దారి పట్టాడు. దారి పొడుగునా రాముడి మొహం ఎలా మాడుతుందో ఊహించుకుంటూ తనలో తనే నవ్వుకున్నాడు.

"ఏటి మావా, కొత్త బండేటి?" అన్నాడు చినబాబు, కలాసీల్లో పెద్దవాడు.

"మాటాడకుండా కూకో. నువ్వే సూస్తావు కదా."

చోటు రానే వచ్చింది. సెట్టు కూత పెట్టింది. పోతురాజు తెరలోకి చూశాడు. కొత్త గుర్తు ఒక్క వెంట్రుకవాసి కూడా పక్కకి జరక్కుండా పాత గుర్తు మీద కూర్చుంది. తండ్రి చూపించిన బండ మీద!

"ఇంత సుట్టూ తిప్పి మన బండకే తెచ్చినావేటి మావా?" అని కలాసీలిద్దరూ పడీపడీ నవ్వారు. వలలో పడినవి వాళ్ళ కూరకి కూడా చాలలేదు.

పోతురాజు ఇంటికి వచ్చీరాగానే కూతురి మీద విరుచుకుపడ్డాడు.

"సదువు సదువని తగలేసినాను! అరవై అన్నావు, మూడువేలన్నావు, ఏటే ఆ లెక్క? మీ మావ బండకి దారి సెప్పమంటే నన్ను తిప్పి తిప్పి నా బండకే అంపినావు. కలాసీల ముందు తలెత్తుకోలేకపోనాను!"

"మావ బండా?" ధనలక్ష్మి తెల్లబోయి, ఫొటో ఇంకోసారి చూసి, వేళ్ళ మీద లెక్క మళ్ళీ కట్టింది. తర్వాత ఆమెకి రోషం వచ్చింది.

"నా లెక్క తప్పలేదు నాన్నా! 'మీ నాన్న సెట్టులోవే, నాన్నే ఇచ్చినాడు' అని పోయినేడు మావ అంకెలట్టుకొస్తే, వాటిని నిమిషాలు, సెకన్లలోకి మార్చి ఇచ్చింది కూడా నేనే. ఆయన ఒక్కరోజైనా దారి తప్పినాడేటి?"