గోడ మీద గీతలు

కొండమీది పాత ఊరికి ఒక్కరోజు టూరు. నేనూ వస్తానని పట్టుబట్టి బస్సెక్కిన మా మామగారు దారిలో మలుపు మలుపుకీ వాంతి చేసుకున్నారు. ఆ మరకల చొక్కాతోనే ఊరంతా తిరిగారు. ఆ పుల్లటి కంపుకి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని పక్కన నడిచాను.

ఆ ఊరి కోటలోని ఖైదీల గదిలో గైడు గొంతు తగ్గించాడు.

"ఈ రెండు వరసల గీతలు చూడండి. ఏడాదికొకటి గీసుకున్నారు. ఈ ఖైదీ తొమ్మిదేళ్లున్నాడు. ఆ పక్కవాడు మూడేళ్లకే పోయాడు."

అందరూ అయ్యో అంటూనే ఫోన్లు పైకెత్తారు. అంతలో మామగారు అడ్డంగా కట్టిన తాడు దాటి, ఆ మురికి చొక్కాతోనే తొమ్మిది గీతల వరస పక్కన గోడకి వీపు ఆనించి నిలబడ్డారు. ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఛీ! ఇవతలికి రండి మామయ్యా! మతిగాని పోయిందా?" నలుగురిలోనే కసిరాను.

ఆయన కదల్లేదు. పై గీత ఆయన గుండెల దగ్గరికి వచ్చింది.

"ఏళ్లు లెక్కపెట్టుకునేవాడు గీతలు పక్కపక్కన గీస్తాడు గానీ, ఇలా నిచ్చెనలా పైకి గీస్తాడా అమ్మాయ్? మా నాన్న ఇక్కడ కాపలాదారు. ఈ గదే మా ఇల్లు. ప్రతి పుట్టినరోజుకీ మా అమ్మ నన్నిలా నిలబెట్టి గీసేది."

గైడు బిక్కమొహం వేశాడు. నేను రెండో వరస చూశాను. మూడో గీత నా నడుం దాకా వచ్చి ఆగిపోయింది.

"మరి అది?"

"మా చెల్లిది. దాని సంగతి మాత్రం గైడు సరిగ్గానే చెప్పాడు."