రింగుల పరీక్ష

“కదలకక్కా. చెవి కాలితే మళ్ళీ నన్నే అంటావు.”

“నేనెక్కడ కదిలాను? నీ చెయ్యే వణుకుతోంది పొట్టీ.”

చెల్లెలు స్ట్రెయిటనర్ పక్కన పెట్టి, చెమట పట్టిన అరచేతులు చున్నీకి తుడుచుకుంది. పదకొండు గంటలకు బ్యూటీషియన్ కోర్సు ప్రాక్టికల్ పరీక్ష. ఎవరి మోడల్‌ని వాళ్ళే తెచ్చుకుని, స్ట్రెయిటనర్‌తో జుట్టు రింగులు తిప్పి చూపించాలి. పోయినసారి ఈ మహాతల్లి ఎవరో అమ్మాయి జుట్టు చివర్లు మాడ్చి పరీక్ష తప్పింది. అప్పటినుంచి క్లాసంతా ఆమెను ఇస్త్రీపెట్టె అని పిలుస్తోంది. ఈసారీ తప్పితే సర్టిఫికెట్ లేదు, తీసుకుంటామన్న పార్లర్లో ఉద్యోగమూ లేదు. అందుకే పొద్దున్నే హాస్టల్ నుంచి అక్క ఇంటికొచ్చి, ఆమెను అద్దం ముందు కూర్చోబెట్టి ఒకసారి చేసి చూసుకుంటోంది.

మోడల్‌గా వస్తానని అక్క నెల కిందటే మాటిచ్చింది. నిజానికి పరీక్ష పది రోజుల కిందటే అయిపోవాలి, వాయిదా పడింది. ఆ కబురు విని చెల్లెలు ఎగిరి గంతేస్తే, అక్క మాత్రం “ఇప్పుడు వాయిదా ఏమిటి, వాళ్ళకి బుద్ధుందా?” అని మండిపడింది. లెక్కల టీచరు కదా, తేదీల విషయంలో పట్టింపు ఎక్కువ.

“కాగితం పెట్టి చూశావా?” అంది అక్క.

చెల్లెలు టిష్యూ కాగితాన్ని వేడి పలకల మధ్య నొక్కి చూపించింది. కాగితం తెల్లగానే ఉంది. “ఇది రంగు మారకపోతే జుట్టుకీ ఏం కాదని మా మేడమ్ చెప్పింది.”

“మరింకేం? కానియ్.”

కుడివైపు ఒక పాయ తీసి, పలకల మధ్య బిగించి, అర చుట్టు తిప్పి నెమ్మదిగా కిందికి లాగింది. చక్కటి రింగు దిగింది. అక్క అద్దంలో అటూ ఇటూ చూసుకుని మురిసిపోయింది.

“పదేళ్ళు తగ్గానే. ఓ ఫొటో తియ్యి.”

ఫొటో తీసి, చెల్లెలు రెండో పాయ బిగించి లాగింది. పాయ మొత్తం చేతిలోకి వచ్చేసింది.

అక్క చెవి పైన చొక్కా గుండీ అంత మేర నున్నటి చర్మం బయటపడింది.

“ఏం కాలేదు. పక్క జుట్టుతో కప్పెయ్,” అంది అక్క.

“ఏం కాలేదా? మధ్యలో తెగితే కత్తిరించి సర్దేదాన్ని. కుదుళ్ళతో సహా ఊడొచ్చింది. ఏం చేశానక్కా నేను?”

ఇక ఆమె ఆగలేదు. ప్లగ్గు పీకేసింది. దువ్వెనలు, క్లిప్పులు అన్నీ సంచిలో కుక్కి, సంచిని చెత్తబుట్టలో పడేసి ఫోను అందుకుంది.

“ఎవరికే ఫోను?”

“మేడమ్‌కి. రానని చెప్పేస్తాను. సొంత అక్క తల బోడి చేసినదానికి పరీక్ష ఒకటా? జన్మలో ఇంకొకరి జుట్టు ముట్టుకోను.”

అక్క లేచి వచ్చి ఫోను లాక్కుంది. “నీ తప్పు కాదు.”

“ఊరుకో అక్కా. చిన్నప్పటినుంచీ నేనేం పగలగొట్టినా నువ్వే మీదేసుకుంటావు. ఇది కూడా నీ తప్పేనంటావా?”

“ఎడమవైపు ముట్టుకున్నావా నువ్వు?” అని అడిగింది అక్క.

“లేదు.”

అక్క ఎడమ చెవి పైనున్న పాయను రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా లాగింది. అదీ కుదుళ్ళతో సహా వచ్చేసింది. అక్క ఆ పాయను చెల్లెలి అరచేతిలో పెట్టి గుప్పిట మూసింది.

“నాకు మొదటి కీమో అయి ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు.”