కవరు మీది మాట

కొండ మీది వాతావరణ కేంద్రాన్ని తుఫాను ఊడ్చుకుపోయిన రోజే, అక్కడ డ్యూటీలో ఉన్న మా తమ్ముడూ కనిపించకుండా పోయాడు. దారి తెగిపోయింది. ఆఫీసువాళ్లు హెలికాప్టర్‌లో వెళ్లి, వాడి బదులు గాలీ వానా కొలిచే ఒక యంత్రాన్ని అక్కడ దించి వచ్చారు. అది పంపే సంకేతాల ఫైళ్లు ఇంట్లో ఉన్న తమ్ముడి కంప్యూటర్‌కి ఇంకా వస్తున్నాయి. వాడు రాసిన స్క్రిప్టు, అదే చిన్న ప్రోగ్రాం, వాటి పైభాగం మాత్రమే చదువుతుంది: ఏ కేంద్రం, ఏ వేళ, కొలిచింది యంత్రమా, మనిషా.

"కవరు మీది అడ్రసు చదవడమే అక్కా. నీలాంటి టీచరమ్మకి అది చాల్లే, ఉత్తరం చింపకు," అని నవ్వేవాడు.

ఇన్నాళ్లూ "యంత్రం" అనే వచ్చింది. ఈ రాత్రి "మనిషి" అని వచ్చింది. స్క్రిప్టు మళ్లీ నడిపాను. మనిషే. ఫ్యాను ఆపి చెవులు రిక్కించాను. బయట ఆకు కూడా కదలడం లేదు.

పక్క గదిలోంచి మరదలు గొంతు వినిపించింది. "ఇంకా పడుకోలేదా వదినా? వెతకడం ఆపేయమని పొద్దున్నే సంతకం పెట్టాలిగా."

"యంత్రం చెడినట్టుందమ్మా."

"చెడితే చెడనీండి. దానికి మీరేం కాపలానా?"

అంతలో ఇంకో ఫైలు వచ్చింది. మనిషి.

మరదలికి చెప్పలేదు. సంతకం పెట్టాల్సిన కాగితం బల్ల మీదే ఉంది. ఫైలు లోపల ఏముందో నేనింకా విప్పి చూడలేదు.