ఫుల్వియా గడ్డం

మా బొలోన్యా కన్యాస్త్రీల మఠంలో బిషప్ గారు తప్ప మగవాడెవడూ అడుగుపెట్టకూడదు. అందుకే సిలువ మీంచి దించిన క్రీస్తును గీయమంటే, నాకు సిస్టర్ ఫుల్వియానే దిక్కయింది. దాన్ని బల్లమీద శవంలా పడుకోబెట్టి, చెంపలకు బొగ్గుతో గడ్డం గీసేదాన్ని.

"అక్కా, దురదేస్తోందే!" అంటూ ఎడమ మణికట్టుతో రుద్దేసుకునేది.

"చచ్చినవాళ్లకి దురదేమిటే? కదలకు" అని కసిరేదాన్ని. అది నవ్వాపుకోలేకపోతే బల్లంతా ఊగిపోయేది.

బొమ్మ పూర్తయ్యేలోగా ఫుల్వియా జ్వరమొచ్చి చనిపోయింది.

ఈ సాయంత్రం మదర్ లుక్రేజియా బొమ్మ చూసి పెదవి విరిచింది. "ఇదేం ప్రభువమ్మా, ఆడపిల్ల మొహం! పొద్దున్నే బిషప్ గారొస్తున్నారు. ఈ రాత్రికి గడ్డం దట్టంగా పెట్టు. లేదంటే పొయ్యిలో పెట్టిస్తాను."

ఆ మొహం ఈ గుడ్డమీద తప్ప నాకిక ఎక్కడా లేదు. అయినా ప్రార్థన గదిలో ఒంటరిగా కూర్చుని, నల్లరంగుతో చెంపలు కప్పేశాను. దీపంలో నూనె పోద్దామని అటు తిరిగాను. వెనక బొమ్మ దగ్గర ఏదో మెత్తగా రాసుకున్న చప్పుడైంది.

తిరిగి చూస్తే చెంపలు శుభ్రంగా ఉన్నాయి. ప్రభువు ఎడమ మణికట్టు మీద మాత్రం నల్లరంగు తడితడిగా మెరుస్తోంది.

భయం వేయాలి. వేయలేదు. కుంచె కడిగేసి, "ఇంకా దురదేనా, చెల్లీ?" అని అడిగి, ఆ పెదవుల దగ్గర చెవి పెట్టి కూర్చున్నాను.

పొద్దున్నే బిషప్ గారొస్తారు. రానీ.