బరువు తెలిసిన బెల్టు

"ఈ బెల్టు దగ్గర పనిచేసేవాళ్ళెవరూ రేపటి నుంచి రానక్కర్లేదు," అన్నాడు యజమాని. గొంతు కూడా పెంచలేదు. "పక్క బెల్టు ఖాళీ అయ్యేసరికి మీది సగమైనా కాదు. మిమ్మల్ని కూర్చోబెట్టి మేపడానికా నేను ఫ్యాక్టరీ పెట్టింది?"

బెల్టు పక్కన వరసగా నిలబడ్డ ఆడవాళ్ళు ఏరుతున్న చేతులు ఆపేశారు. పాత సీసాలు, డబ్బాలు, అట్టముక్కలు కలగలిసి బెల్టు మీద వస్తుంటే, వేటికవి ఏరి గంపల్లో వెయ్యడం వాళ్ళ పని. ఎప్పుడూ పకపకలాడే నవ్వులక్క కూడా చేత్తో నోరు మూసుకుంది.

ఆ వరసలోనే ఉన్న అత్త మాత్రం చేతి తొడుగులు ఊడబెరికి, గోడకున్న ఇనప పెట్టె దగ్గరికి విసవిసా నడిచింది. ఆ పెట్టెని డ్రైవు అంటారు. మోటారు ఎప్పుడు తిరగాలో, ఎంత వేగంగా తిరగాలో చెప్పేది అదే. ఆ లెక్కలు రాసి దానికి చెప్పేవాడు ఆమె అల్లుడు.

"ఏమయ్యా అల్లుడూ, నీ మోటారుకి నడుం పట్టేసిందా? పక్క బెల్టు పరిగెడుతుంటే మాదెందుకు ఈడ్చుకుంటూ పోతోంది?"

అల్లుడు తలెత్తలేదు. "మోటారుకేం కాలేదు అత్తయ్యా. నేనే అలా రాశాను."

"ఏం రాశావు?"

"ఆమధ్య సరుకు గుట్టగా వచ్చిపడి, గాజుపెంకు మీ అరచెయ్యి చీరేసింది కదా. అప్పుడు రాశాను. బెల్టు మీద బరువు పెరిగితే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. అది నేను పెట్టిన అంకె దాటిందా లేదా అని డ్రైవు పోల్చి చూసుకుంటుంది. దాటాలి, దాటి కాసేపు అలాగే ఉండాలి. రెండూ నిజమైతేనే బెల్టు నెమ్మదిస్తుంది. మీరు కాస్త ఊపిరి పీల్చుకుంటారని..."

అత్త తన అరచేతి మీది మచ్చ చూసుకుంది. కోపం తెచ్చుకుందామనుకుంది. సరిగ్గా రాలేదు.

"అడక్కుండా మేలు చేసి మా నోటి దగ్గర కూడు లాగేశావు కదయ్యా! తీసెయ్ దాన్ని. ఇప్పుడే తీసెయ్."

"తప్పు నాదేనని అయ్యగారికి చెప్పేస్తాను."

"చెప్పి? నిన్నూ గెంటేస్తే నా కూతురు పొయ్యి మీద ఏం పెడుతుంది, నీ నిజాయితీనా? ముందు తీసెయ్."

అల్లుడు మీటలు నొక్కాడు. అత్త వెళ్ళి యజమాని ముందు చేతులు జోడించి ఒక్క పూట గడువు అడిగింది. ఆయన గడియారం చూసుకున్నాడు. "సరే. ఈ పూట పక్క బెల్టు కంటే ముందు ఖాళీ చెయ్యండి, చూద్దాం," అని కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

బెల్టు కదిలింది. సరుకు గుట్టలు గుట్టలుగా వచ్చింది. ఈసారి అది నెమ్మదించలేదు.

"చేతులాడించండే! ఏడుపులు తర్వాత ఏడుద్దాం," అంది అత్త.

"ఇప్పుడు ఏడ్చినా తెలీదులే వదినా, చెమటలో కలిసిపోతుంది," అంది నవ్వులక్క. ఆ పూటకి అదే ఆఖరి నవ్వు.

తర్వాత సీసాల చప్పుడు, రొప్పు, అంతే. మంచినీళ్ళకని కూడా ఒక్కరూ కదల్లేదు. ఒకామె స్తంభం చాటుకి పోయి వాంతి చేసుకుని, మూతి తుడుచుకుంటూ వచ్చి మళ్ళీ తన చోట నిలబడింది. అత్త అరచేతి పాత గాయం తొడుగు లోపలే విచ్చుకుంది. వెచ్చటి తడి తెలుస్తోంది గానీ, చూసుకునే తీరిక లేదు.

చివరికి నల్లటి బెల్టు నున్నగా, ఖాళీగా తిరిగింది. పక్క బెల్టు మీద ఇంకా బోలెడు సరుకుంది.

యజమాని లేచి చప్పట్లు కొట్టాడు. "ఇంత పనిమంతుల్ని ఎవరైనా వదులుకుంటారా? ఎవరూ పోనక్కర్లేదు."

నిలబడ్డవాళ్ళు నిలబడ్డచోటే కూలబడ్డారు. నవ్వులక్క వెక్కి వెక్కి ఏడ్చింది. నోరు మెదపకు అన్నట్టు అత్త అల్లుడి వైపు కళ్ళెర్రజేసింది. కానీ అతను అత్త తొడుగులోంచి కారుతున్న నెత్తురు చూస్తున్నాడు.

"అయ్యగారూ, వీళ్ళెప్పుడూ బద్ధకస్తులు కారండి. బరువు ఎక్కువైతే బెల్టు నెమ్మదించేలా నేనే రాశాను. రోజూ ఇలా పరిగెత్తిస్తే మనుషులు మిగలరు. దాన్ని మళ్ళీ పెట్టనివ్వండి," అన్నాడు.

యజమానికి కోపం రాలేదు. నెమ్మదిగా పెట్టె దగ్గరికి నడిచి, దాని మీద చెయ్యి వేశాడు.

"అంటే, బెల్టు మీద ఎంత బరువుందో దీనికి తెలుస్తుందా?"

"తెలుస్తుందండి," అన్నాడు అల్లుడు ఆశగా.

"నువ్వెలా రాస్తే అలా వింటుందా?"

"వింటుందండి."

అత్తకి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. నెత్తుటి చెయ్యి వెనక్కి దాచుకుని, యజమానికి దణ్ణం పెడదామని లేవబోయింది.

"మంచి ఉపాయమే," అన్నాడు యజమాని, ఖాళీ బెల్టు వైపు చూస్తూ. "దాన్ని తిరగేసి రాయి. వీళ్ళు ఏరేకొద్దీ బరువు తగ్గుతుంది కదా, తగ్గినప్పుడల్లా వేగం పెరగాలి."