రెఫరీ గారి రుమాలు

రెఫరీ జేబులోంచి రుమాలు తీస్తాడని అందరూ చూస్తున్నారు. ఆయన ఇత్తడి ఈల తీశాడు.

బాయిలర్ షాపు ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్ ఈనక్ ట్రాంటర్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆట ఆపడానికి రుమాలు ఊపరా అయ్యా?" అన్నాడు.

"ఆ కాలం పోయిందయ్యా. ఈ ఏడాది నుంచి కప్పు పోటీలకి ఈలే. ఈల వేశానా, ఎక్కడివాళ్ళు అక్కడ ఆగాలి."

రెండూ వాడమని ఈనక్ బతిమాలాడు. రుమాలు ముక్కు తుడుచుకోడానికి అట్టేపెట్టుకుంటానన్నాడు రెఫరీ. అవతలి బీరు ఫ్యాక్టరీ జట్టు పడీపడీ నవ్వింది.

ఇంగ్లండులోని మా ఊరి రైలు కార్ఖానాలో బాయిలర్ షాపు వాళ్ళంటే మొండిఘటాలని పేరు. వారమంతా ఇంజను బాయిలర్లలో దూరి ఇనపరేకులకు సుత్తులతో రివెట్లు కొట్టే మనుషులు. శనివారం ఒంటిపూట పని కాగానే బూట్లు మార్చుకుని మైదానంలోకి దిగేవాళ్ళు. ఆటలో ఒకరినొకరు కేకేసుకోవడం కూడా లేదు, అంత పొగరు. సొంత మైదానంలో ఆరేళ్ళుగా ఓటమి ఎరగరు.

మైదానం రైల్వే కంపెనీది. చొక్కాలు కంపెనీవి. కూలి, కొంప అన్నీ మేనేజరు వాడెల్ దొర దయ. పోయిన నెలే చూపు మందగించిందని రంగుల షాపు సైలస్ చేతిలో చీటీ పెట్టి పంపేశాడు. ఆ దొర ఇవాళ ముందు వరసలో కూర్చున్నాడు.

పావుగంటకే గొడవ మొదలైంది. ఈల పడింది. బీరు వాళ్ళు ఆగారు. మనవాళ్ళు ఆగలేదు సరిగదా, బంతిని గోల్లోకి కొట్టి చేతులెత్తారు. చెల్లదన్నాడు రెఫరీ. పది నిమిషాలకు మళ్ళీ అదే తంతు.

"ఏం ఈనక్, మీ షాపులో ఆగడం నేర్పరా?" అన్నాడు బీరు జట్టు కెప్టెన్.

జనం మొదట నవ్వారు. తర్వాత తిట్టారు. సొంత ఊరి జనమే దొంగాట అన్నారు. ఈనక్ మాటిమాటికీ రెఫరీ వంక చూడసాగాడు. రెఫరీని చూస్తే బంతి పోతుంది, బంతిని చూస్తే పరువు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

రెండో సగంలో ఈల మళ్ళీ పడింది. బీరు జట్టు ఆటగాడొకడు ఆగి, నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు. ఈనక్ పరుగున వచ్చి అతన్ని గుద్దేశాడు. పాపం, భుజం ఎముక విరిగింది.

వాడెల్ దొర మైదానంలోకి వచ్చి ఈనక్ ఎదుట నిలబడ్డాడు.

"ఎందుకు ఆగలేదు? కారణం ఉంటే ఇప్పుడే చెప్పు. లేదంటే ఈ జట్టు ఇవాళ్టితో సరి."

ఈనక్ తనవాళ్ళ వైపు తిరిగాడు. పదిమందీ అతని నోటివంకే చూస్తున్నారు. కారణం అందరికీ తెలుసు. నోరు విప్పితే దొంగలన్న మచ్చ పోతుంది.

"కారణమేం లేదు దొరా. గెలవాలని ఆడాం," అన్నాడు.

చొక్కాలు అక్కడికక్కడే విప్పించారు. ఏప్రిల్ చలిలో పదకొండు మందీ బనియన్లతో ఇళ్ళకు నడిచారు. వీధి పిల్లలు వెంటపడి బండబూతులు తిట్టారు. ఒక్కడూ వెనక్కి తిరిగి చూడలేదు. నెల తిరక్కుండా ఆ మైదానం మీద వ్యాగన్లు నిలిపే పట్టాలు పడ్డాయి.

ఈనక్ గుమ్మంలో అడుగు పెట్టగానే భార్య కెజియా ఎదురొచ్చింది.

"ఉన్నమాట చెప్పేస్తే పోయేది కదయ్యా. దొంగ అనిపించుకోడం దేనికి?"

"ఇంజన్లు తిరిగే చోట మాలాంటోళ్ళని ఒక్కపూట ఉంచుతారటే? పదకొండు కొంపలు కూలతాయి."

ఆ మాటతో అతనికి ఏడుపు ఆగలేదు. కుర్చీలో కూలబడి, తల వంచుకుని బూటు ముడి విప్పుకోసాగాడు.

"రేపు చర్చిలో ఎవరు మొహం తిప్పుకున్నా, నేను నీ పక్కనే కూర్చుంటా," అంది కెజియా వెనకనుంచి.

ఈనక్ తలెత్తలేదు.

ఆమె చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చి, గడ్డం పట్టుకుని అతని మొహం పైకెత్తి, సుత్తుల మోతలో చెవులు ఎప్పుడో పోగొట్టుకున్న మొగుడికి తన పెదాలు కనబడేలా, అదే మాట మెల్లగా మళ్ళీ చెప్పింది.